టీవీ పెళ్లిచూపులకు అమ్మాయి బయల్దేరితే

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అమ్మాయికి 26 ఏళ్లు, గచ్చిబౌలిలో ఒక కంపెనీ హెచ్ఆర్‌లో చేస్తోంది. రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. ఏదో ఒకటి అడ్డమొచ్చి ఆగిపోతున్నాయి. ఇప్పుడు గుంటూరు వాళ్ల సంబంధం ఒకటి మాటల్లో ఉంది. ఇంతలో అమ్మాయి మాకు చెప్పకుండా ఇన్‌స్టాలో ప్రకటన చూసి, అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకరినొకరు ఎంచుకుని పెళ్లి చేసుకునే తెలుగు రియాలిటీ షో ఒకదానికి అప్లై చేసింది. ఆడిషన్లు అయ్యాయట, సెలెక్ట్ చేశారట. వచ్చే సోమవారం అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలట. అంతా ఇంగ్లీషు. ‘అన్ని షోలకీ ఇదే ఉంటుంది, చదవక్కర్లేదు’ అన్నారట. మా ఆయన పరువు పోతుందని దాంతో మాట్లాడటం మానేశారు. మా ఆడపడుచు ఫోన్ చేసి, ‘ఇక ఆ పిల్లకి సంబంధాలు వస్తాయా వదినా’ అంటోంది. పిల్లేమో, ‘మీరు తెచ్చే సంబంధాలకంటే అదే నయం, అక్కడ కనీసం నన్ను కూడా ఎంచుకోనిస్తారు’ అంటోంది. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఆపాలా, పంపాలా? అక్కడ నిజంగా పెళ్లి చేసేస్తే అది చెల్లుతుందా? రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు:

అమ్మా,

నన్నడిగితే వెళ్లొద్దనే అంటాను. అయితే మీ ఆయన చెబుతున్న కారణానికి మాత్రం కాదు. ఈ రెండూ వేరని అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీ ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. ఆపాలా పంపాలా అని అడిగారు గానీ, ఆ వయసొచ్చి తన జీతం మీద తను బతుకుతున్న పిల్లను ఆపడం ఎవరి తరమూ కాదు. గట్టిగా అడ్డుపడితే సంతకం మీకు తెలియకుండా పెడుతుంది, అంతే తేడా. అప్లై చేయడం అలాగే చేసింది కదా.

ముందు ఆ పరువు సంగతి చూద్దాం. ఇలాంటి షో ఏది మొదలైనా మన దగ్గర రెండు జట్లు తయారవుతాయి. ఒకరు సంప్రదాయం మంటగలిసిపోయిందంటారు. ఇంకొకరు నచ్చకపోతే చానల్ మార్చుకోమంటారు. తిట్టేవాళ్లూ చూస్తారు, మెచ్చుకునేవాళ్లూ చూస్తారు, రేటింగులో ఇద్దరూ ఒకటే. ఈ గోలలో కెమెరా ముందు కూర్చున్న అమ్మాయి గురించి మాట్లాడేవాళ్లు కనబడరు. ఫిర్యాదుల ఏర్పాట్లు కూడా అలాగే ఉన్నాయి. టీవీ వినోద కార్యక్రమాల మీద ఫిర్యాదులు వినడానికి ప్రసార సంస్థలు 2011లో ఒక మండలిని పెట్టుకున్నాయి. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ముందు చానల్‌కు, ఆ తర్వాత అలాంటి మండలికి, ఆపైన కేంద్రానికి వెళ్లేలా మూడంచెలు చేశారు. ఓటీటీలకూ అదే ఏడాది ఐటీ నిబంధనల్లో ఇలాంటిదే వచ్చింది. ఇవన్నీ ప్రధానంగా, చూసినవాళ్ల మనసు నొచ్చుకుంటే ఎక్కడ చెప్పుకోవాలో చెప్పేవి. అర్ధరాత్రి దాటాక కూడా షూటింగ్‌లో కూర్చోబెట్టారనో, అనని మాట అన్నట్టు చూపించారనో పాల్గొన్న పిల్ల వెళ్లి మొరపెట్టుకోవడానికి కట్టినవి కావు. మీ ఆయన బాధ చూసేవాళ్ల గురించి. నా భయం ఆ పిల్ల గురించి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు అమ్మాయి అన్న మాట దగ్గర. ‘అక్కడ కనీసం నన్ను కూడా ఎంచుకోనిస్తారు.’ దీన్ని పొగరు కింద కొట్టిపారేయకండి. రెండేళ్లుగా ఆ పిల్ల బయోడేటా వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారిందో, ఫొటోను ఎవరెవరు జూమ్ చేసి చూశారో తనకు తెలియదు. మ్యారేజ్ బ్యూరోలో కులం, శాఖ, ఎత్తు, రంగు, ప్యాకేజీ, వీసా, ఇవన్నీ దాటి వచ్చినవాళ్లు పకోడీలు తిని, కాఫీ తాగి, ‘ఇంటికెళ్లి ఫోన్ చేస్తాం’ అని వెళ్తారు. చేయరు. ఎందుకు చేయలేదో చెప్పరు. మనం కూడా అడగం, పిల్లకు అదొక శనివారం పోయిందంతే అనుకుంటాం. ఆమె లెక్క వేరుగా ఉంటుంది. ఇష్టం లేదని చెప్పే వంతు తనకెప్పుడూ రాలేదు, వచ్చినా ‘మంచి సంబంధం, ఇంకోసారి ఆలోచించు’ అని మనమే నోరు మూయించి ఉంటాం. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు పిల్లను కూర్చోబెట్టడం మన హాల్లో అయితే మర్యాద, అదే పని లైట్లు వేసి చేస్తే పరువు తక్కువ అంటే ఆమెకు నవ్వొస్తుంది. నాకూ కొంచెం వస్తుంది.

కాబట్టి అమ్మాయి దగ్గర ముందు ఇది ఒప్పుకోండి. ‘నీకు నచ్చలేదన్నప్పుడు మేం సరిగా వినలేదు’ అని ఒక్క మాట చాలు. అది ఒప్పుకున్నాక మీ తర్వాతి మాట వింటుంది. ఆ తర్వాతి మాట ఇదీ: అక్కడ కూడా ఎంచుకునేది నువ్వు కాదు.

మన దేశంలో ఈ టీవీ స్వయంవరాలకు ఊపు వచ్చింది 2009లో, రాఖీ సావంత్‌తో. ఎన్డీటీవీ ఇమాజిన్‌లో వచ్చింది. ఆఖర్లో కెనడాలో ఉండే ఒక వ్యాపారిని ఎంచుకుంది, నిశ్చితార్థం దాకా వెళ్లారు, కొన్ని నెలలకే విడిపోయారు. మరుసటి ఏడాది అదే చానల్లో రాహుల్ మహాజన్ నిజంగానే తాళి కట్టాడు. 2015 వచ్చేసరికి విడాకులు. 2018లో మన స్టార్ మాలో యాంకర్ ప్రదీప్ కోసం సుమ ‘పెళ్లి చూపులు’ నడిపింది, మీరూ చూసే ఉంటారు. షో అయిపోయింది, పెళ్లి కాలేదు. అదే ఏడాది తమిళంలో హీరో ఆర్య కోసం ఒక షో చేశారు. ముగ్గురమ్మాయిలు చివరి దాకా మిగిలారు. ఒకరిని ఎంచుకుంటే మిగతా ఇద్దరూ బాధపడతారని ఎవరినీ ఎంచుకోకుండా ముగించాడాయన. మరుసటి ఏడాది మార్చిలో నటి సాయేషాను పెళ్లి చేసుకున్నాడు, అదీ మన హైదరాబాద్‌లోనే. ఆయన తప్పు చేశాడని నేననను. ఇష్టం లేకుండా తాళి కట్టడంకంటే అదే మేలు. కానీ ఆ ముగ్గురి ఇళ్లల్లో మీలాంటి తల్లులు ముగ్గురు ఉన్నారు కదా. పండగ స్పెషల్ ప్రోగ్రాముల్లో యాంకర్లకూ కమెడియన్లకూ స్టేజి మీద చేసే ఉత్తుత్తి పెళ్లిళ్లు వీటికంటే నయం, అక్కడ అందరికీ ఆట అని తెలుసు.

అన్నీ పెటాకులేనని చెబితే అబద్ధమవుతుంది. అమెరికాలో 2003లో ‘ద బ్యాచిలరెట్’ మొదటి సీజన్లో కలిసిన ట్రిస్టా, ర్యాన్ అదే ఏడాది పెళ్లి చేసుకుని ఇప్పటిదాకా సంసారం చేసుకుంటున్నారు. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. షో నడిపేవాళ్లు ప్రతిసారీ వాటినే చూపిస్తారు.

‘అవి స్టార్ల షోలు, మాది అలాంటిది కాదు, అందరం మామూలువాళ్లమే’ అంటుంది మీ అమ్మాయి. నిజమే. ఆ రకం షోలకు ఇప్పుడు పెద్దన్న నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో మొదలైన ‘లవ్ ఈజ్ బ్లైండ్’. అందులో రెండో సీజన్లో పాల్గొన్న జెరెమీ హార్ట్‌వెల్ 2022లో కోర్టుకెక్కాడు. రోజుకు 20 గంటల దాకా పని చేయించారని, తిండికీ నీళ్లకూ ఇబ్బంది పెట్టి మద్యం మాత్రం ధారాళంగా పోశారని, మధ్యలో వెళ్లిపోతే 50,000 డాలర్లు కట్టాలని రాయించుకున్నారని ఆరోపించాడు. నిర్మాతలు ఒప్పుకోలేదు. చివరికి 2024లో 14 లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కార్మిక బోర్డు అధికారులు, ఆ షోలో పాల్గొనేవాళ్లను ఉద్యోగులుగా లెక్కించాలంటూ నిర్మాతల మీద కేసు పెట్టారు. మీ అమ్మాయి హెచ్ఆర్ కదా, ఈ మాట మీకంటే తనకే బాగా ఎక్కుతుంది. పని గంటలు రాయని, సెలవు రాయని, మానేస్తే ఎదురు డబ్బు కట్టమనే ఆఫర్ లెటర్ మీద తన కంపెనీలో కొత్తగా చేరే పిల్ల సంతకం పెడుతుంటే తను చూస్తూ ఊరుకుంటుందా? అడగండి.

ఇక ఆ ఎంచుకోవడం సంగతి. నేను కొన్నాళ్లు టీవీ ప్రోగ్రాముల్లో పనిచేశాను, ఎడిటింగ్ రూముల్లో రాత్రుళ్లు తెల్లవార్లూ కూర్చున్నాను. అక్కడ జరిగేది ఒకటి చెబుతాను. షూటింగ్‌లో ఒక అమ్మాయి సోఫాలో కూర్చుని ఉంది. లైట్లు సర్దుతున్నారు. మైకు తగిలించే కుర్రాడు వైరు చిక్కు తీసుకుంటూ నిలబడ్డాడు. ఆమె విసుగొచ్చి కళ్లు పక్కకు తిప్పింది, పెదవి విరిచింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ రెండు మూడు సెకన్ల ముక్కను తీసి, వేరే రోజు ఒక అబ్బాయి ‘మా అమ్మ మాతోనే ఉంటుందండీ’ అన్న మాట పక్కన అతికించారు. వెనకాల ఢామ్మని ఒక సౌండు. ప్రోమో బయటికి రాగానే ఆ పిల్ల అత్తను చూడని కోడలైపోయింది, పెళ్లి కాకముందే. కింద కామెంట్లు చదవలేం. వైరు చిక్కు తీసిన కుర్రాడికీ, ఆమెకూ తప్ప ఇంకెవరికీ అసలు సంగతి తెలియదు.

ఇంకో పద్ధతి ఉంది. విడిగా కూర్చోబెట్టి ‘నీ మనసులో మాట చెప్పు’ అని ఇంటర్వ్యూలు తీస్తారు. అడిగేవాళ్ల గొంతు వినబడకూడదు కాబట్టి, ‘ప్రశ్నను జవాబులో కలుపుకుని చెప్పమ్మా’ అంటారు. ‘ఫలానా అబ్బాయి స్వార్థపరుడని నీకెప్పుడైనా అనిపించిందా?’ అని అడిగితే, పాపం ఆ పిల్ల బుద్ధిగా, ‘అతను స్వార్థపరుడని నాకెప్పుడూ అనిపించలేదు’ అంటుంది. మొదటి రెండు మాటలు ఉంచి మిగతాది కోసేస్తే ఏమవుతుందో మీరే చూడండి. ప్రతిసారీ అదే డ్రెస్సు వేసుకుని రమ్మంటారు, అదే జడ. ఒకరోజు అన్నదాన్ని ఇంకోరోజు దాంట్లో కలిపినా అతుకు కనబడకుండా ఉండటానికి. ఇవేవీ రహస్యాలు కావు, ఎడిటర్‌ను అడిగితే నవ్వుతూ చెబుతాడు. గంటలకు గంటలు తీసి, ఒక ఎపిసోడ్‌కు కుదించేటప్పుడు కథ కావాలి. కథకు ఒక మంచిపిల్ల, ఒక గయ్యాళి, ఒక ఏడుపుగొట్టు, ఒక వెర్రిబాగుల పిల్ల కావాలి. ఎవరు ఏదన్నది చాలాసార్లు ఆడిషన్‌లోనే వాళ్ల బుర్రలో పడిపోయి ఉంటుంది. మీ అమ్మాయిని ఎందుకు సెలెక్ట్ చేశారో ఆమె అడిగిందా? ‘ఇంట్లో ఒప్పుకోవడం లేదు’ అని ఆడిషన్‌లో చెప్పి ఉంటే మాత్రం, మీ ఆయన కూడా ఆ కథలో ఒక పాత్రే. రేపు మీ ఇంటి గుమ్మం ముందుకు కెమెరా వస్తుంది.

ఇప్పుడు అగ్రిమెంటు. ‘చదవక్కర్లేదు’ అన్న మాట ఒక్కటే చాలు, తప్పనిసరిగా చదవాలనడానికి. ఇలాంటి కాగితాల్లో మీ అమ్మాయి బొమ్మ, గొంతు, పేరు, జీవిత విశేషాలు వాడుకునే హక్కు ‘ఈ విశ్వమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో’ వాళ్లకు రాసిచ్చేస్తాం. విశ్వమంతటా అన్నది నా వేళాకోళం కాదు, నిజంగానే అలా ఉంటుంది. అమెరికా షోల ఒప్పందాలు కొన్ని బయటికి వచ్చినప్పుడు, తనను ఇబ్బందికరంగా, ఆఖరికి కల్పించి చూపించినా అభ్యంతరం లేదని రాయించుకున్నట్టు తేలింది. ఆ మాట ఇక్కడి కాగితంలో ఉందా లేదా చూడాలి. వీడియో ముక్కలు కోసి విడిగా యూట్యూబ్‌లో పెట్టుకునే హక్కు ఉందా, ఎన్నేళ్లు? పెళ్లయి పిల్లలు పుట్టాక కూడానా? మధ్యలో వచ్చేస్తే ఎంత కట్టాలి? ఆ అంకె చూసి పిల్ల హడలిపోయి అక్కడే ఉండిపోకూడదు. మన కాంట్రాక్టు చట్టం 1872లోది, అందులో 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో కోటి రాసినంత మాత్రాన కోటీ రాబట్టలేరు. కోర్టు సబబనుకున్న పరిహారమే ఇప్పిస్తుంది, రాసిన అంకె దానికి పైహద్దు మాత్రమే. అయితే ఆ వాదన చేసుకోవడానికి కూడా లాయరుకు డబ్బులు పోయాలి. వివాదమొస్తే ముంబైలో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, అని ఉంటే రైలు ఖర్చులు అదనం. రోజుకు ఎన్ని గంటలు, ఫోన్ తీసేసుకుంటారా, తీసుకుంటే ఇంటికి ఎలా మాట్లాడాలి, మందు ఇస్తారా, సైకాలజిస్టు ఉంటారా, ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మాటల్లో ‘చూసుకుంటాం మేడమ్’ అన్నది చెల్లదు.

ఇంకో ప్రశ్న అడిగి తీరాలి: సెట్‌లో లైంగిక వేధింపుల ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? 2013 చట్టం ఆ చోట ఉద్యోగం చేసే ఆడవాళ్లకే పరిమితం కాదు, ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది గానీ అంతకుమించి గానీ పనిచేసే సంస్థకు అంతర్గత కమిటీ ఉండాల్సిందే, లేని చిన్న సంస్థల విషయంలో జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. హెచ్ఆర్ పిల్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. కమిటీలో ఎవరున్నారో పేర్లు అడగమనండి. వాళ్లు తడబడితే అక్కడే జవాబు దొరికేసినట్టు. 2019లో బిగ్‌బాస్ తెలుగు మూడో సీజన్ మొదలవక ముందు, ఎంపిక దశలోనే తమతో అసభ్యంగా మాట్లాడారని ఇద్దరు మహిళలు హైదరాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు చేశారు. అవి ఆరోపణలు, నిజానిజాలు తేల్చడం నా పని కాదు. నేను చెప్పేదల్లా మీటింగులు ఆఫీసులోనే, పగటిపూటే, ఇంకో మనిషి ఉండగానే జరగాలని. ఇక రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు అని ఒక్క రూపాయి అడిగినా అది షో కాదు, మోసం. కృష్ణానగర్ పక్క అలాంటి బోర్డులు తిప్పేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడు ఇన్‌స్టాలోకి మారారు.

అక్కడ చేసిన పెళ్లి చెల్లుతుందా అన్నారు. చెల్లుతుంది, చెల్లకపోవచ్చు కూడా, ఏం చేశారన్న దాన్నిబట్టి. హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం అమ్మాయి వైపు గానీ అబ్బాయి వైపు గానీ ఆచారంలో ఉన్న తంతు జరిగితే అది పెళ్లే. ఆ తంతులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. కెమెరా ఉందా, స్పాన్సర్ బోర్డు ఉందా అని చట్టం అడగదు. అదే స్టేజి మీద ఉట్టి దండలు మార్చుకుని, పాటలకు డ్యాన్సులేస్తే అది పెళ్లి కాదు. 2024లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తంతు జరగకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నా పెళ్లి అయినట్టు కాదని, పెళ్లంటే ఆటపాటలూ విందులూ కాదని గట్టిగానే అంది. మీ అమ్మాయి గుర్తుపెట్టుకోవాల్సింది మొదటి సగం. ‘షో కోసమే కదా’ అనుకుని నిజం తంతుకు తలవంచితే, తర్వాత వద్దనుకున్నా మామూలుగా ఏడాది దాటందే విడాకుల పిటిషనే వేయలేరు, అసాధారణమైన కష్టం ఉంటే తప్ప. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా మామూలుగా ఏడాది విడిగా ఉన్నాకే అడగాలి. నెలకో ఎపిసోడ్ చొప్పున అయ్యే పని కాదది, ఫ్యామిలీ కోర్టు మెట్లు ఎక్కాలి. ఫైనల్లో ఏం తంతు చేయిస్తారో, అబ్బాయి గురించి ఎవరు ఏం వాకబు చేశారో ముందే రాతలో అడగాలి. అమెరికాలో 2000లో కోటీశ్వరుడితో పెళ్లి అని ఫాక్స్ చానల్ ఒక షో చేసి స్టేజి మీదే నిజం పెళ్లి చేసేసింది. పాత ప్రియురాలు అతని మీద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుందని తర్వాత బయటపడింది. అమ్మాయి ఆ పెళ్లిని రద్దు చేయించుకుంది. మీ ఆడపడుచు అయినా సరే, గుంటూరు అబ్బాయి గురించి నాలుగిళ్లలో కనుక్కుంటుంది కదా. ఆ మాత్రం పని కూడా అక్కడ సరిగా జరగలేదు.

షో అయ్యాక వచ్చేది ఇంకా బరువైనది. జపాన్‌లో ‘టెర్రస్ హౌస్’ అనే షోలో హనా కిమురా అని 22 ఏళ్ల పిల్ల ఉండేది. ఒక బట్టల గొడవ సన్నివేశం చూసి జనం ఆమె మీద ఆన్‌లైన్‌లో విరుచుకుపడ్డారు. 2020 మేలో ప్రాణం తీసుకుంది. ఆమె తల్లి పోరాడాక, 2022లో ఆ దేశం ఆన్‌లైన్ అవమానాలకు జైలుశిక్ష పడేలా చట్టం మార్చింది. బ్రిటన్‌లో ‘లవ్ ఐలాండ్’లో పాల్గొన్న ఇద్దరు 2018లో ఒకరు, 2019లో ఒకరు ఇలాగే పోయాక, పాల్గొనేవాళ్ల క్షేమం చూడాల్సిన బాధ్యత ప్రసార సంస్థలదేనని 2021 నుంచి నిబంధన పెట్టారు. భయపెట్టాలని చెప్పడం లేదమ్మా. మీ అమ్మాయి గట్టిపిల్లే అనిపిస్తోంది. అయినా ఆ మూడు నాలుగు వారాలు ఫోన్ ఎవరి చేతిలో ఉండాలి, కామెంట్లు ఎవరు చదవాలి, ఆఫీసులో ఎవరికి ముందే చెప్పాలి అన్నది ఇప్పుడే అనుకోవాలి. ఫొటోలు మార్ఫింగ్ చేస్తే, ఆమె ఫిర్యాదు చేసిన కొద్ది గంటల్లోనే తీసేయాల్సిన బాధ్యత 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ ప్లాట్‌ఫామ్‌లదే. స్క్రీన్‌షాట్లు దాచి, కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్లో పెట్టండి, షీ టీమ్స్‌కు చెప్పండి. వాళ్లు ఇలాంటివి చూస్తారు.

మీ ఆడపడుచు సంగతి తేలిక. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆవిడ దిగులు. షోయే మొదలవలేదు. ‘చూద్దాం వదినా’ అని ఫోన్ పెట్టేయండి.

గుంటూరు వాళ్ల విషయంలో మాత్రం రెండు పడవల మీద కాళ్లు వద్దు. అమ్మాయి వెళ్లడానికే నిశ్చయించుకుంటే ఆ సంబంధం ఆపేస్తున్నామని మీరే మర్యాదగా చెప్పేయండి. కారణం కావాలంటే ఉన్నదే చెప్పండి. అక్కడ షూటింగ్, ఇక్కడ ముహూర్తాలు నడిపితే మోసపోయేది ఒక నిజం అబ్బాయి. వెళ్లకపోతే, ఆడిషన్ ఇచ్చిందన్నది పెద్దవాళ్లు కూర్చుని విప్పాల్సిన విషయమేమీ కాదు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడు తనే చెబుతుంది, బహుశా నవ్వుకుంటారు కూడా. దానికే అబ్బాయి ముఖం మాడ్చుకుంటే, ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మంచిదే. అన్నట్టు, అమ్మాయికి గుంటూరు అబ్బాయి నచ్చాడా? ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

మీ ఆయనకు ఈ జవాబు చూపించండి. బ్యాంకులో లోను కాగితాలు ఎన్ని వందలు చదివి ఉంటారో. షరతుల్లో చిన్న అక్షరాలు పట్టుకోవడం మీ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మాట్లాడటం మానేసిన మనిషి కూతురి కోసం ఈ పని చేస్తానంటే ఆ పిల్ల ఎందుకు కాదంటుంది? ‘వెళ్లొద్దు’ అనకుండా ‘ఆ అగ్రిమెంటు ఇలా ఇవ్వు, చూస్తాను’ అనమనండి. చదివాక ఆయన అభ్యంతరాలు ఆయన చెప్పుకోవచ్చు, అప్పుడు అవి పరువు గురించి కాకుండా పదిహేడో షరతు గురించి ఉంటాయి. వాటికి పిల్ల జవాబు చెప్పాల్సి వస్తుంది.

సంతకం సోమవారమన్నారు. శుక్రవారంలోగా వాళ్లకు అమ్మాయి చేతే ఒక మెయిల్ పెట్టించండి: కాపీ ముందుగా కావాలి, లాయరుకు చూపించడానికి వారం గడువు కావాలి అని. నిజమైన సంస్థ అయితే ఇస్తుంది. ‘మీ వెనక ఇంకా వందమంది ఉన్నారు’ అంటే మాత్రం ఆ వందమందిలో ఒకరిని తీసుకోమనండి. గడువిస్తే శనివారం ముగ్గురూ కలిసి లాయరు దగ్గరికి వెళ్లండి. సినిమా, టీవీ ఒప్పందాలు చూసేవాళ్లయితే మంచిది, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ పక్క ఉంటారు. ఫీజు అమ్మాయినే కట్టనివ్వండి, మీ ఆయన పర్సు తీయబోయినా సరే.